మాట కంప్యూటరుది, చేత రిలేది

సింహద్వారం తలుపు మీద పూర్ణకుంభమో, పూలతీగో చెక్కాలంటే చేయి తిరిగిన వడ్రంగికి రోజుల తరబడి పని. ఇప్పుడు ఆ పనిని కంప్యూటరు నడిపే యంత్రాలు గంటల్లో చేస్తున్నాయి. వాటిని సి.ఎన్.సి. రౌటర్లు అంటారు. బల్ల మీద టేకు పలక బిగించి, బొమ్మ తాలూకు ప్రోగ్రాము ఎక్కించి, మీట నొక్కితే చాలు. కత్తి తనంత తాను అటూ ఇటూ, పైకీ కిందికీ కదులుతూ చెక్కుకుపోతుంది.

కత్తి కదలికను చూసి అందరూ ముచ్చటపడతారు. కాని దాని వెనుక ఇంకా చాలా పనులు జరుగుతుంటాయి. కత్తిని తిప్పే మోటారు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఆ మోటారు వేడెక్కకుండా ఒక చిన్న పంపు దాని చుట్టూ నీళ్లు తిప్పుతుంది. కత్తి రాల్చే పొట్టును ఇంకొక మోటారు పీల్చేస్తుంది. కొన్ని యంత్రాల్లో పలక జారిపోకుండా వాక్యూమ్ పంపు దానిని బల్లకు పట్టి ఉంచుతుంది. వీటిలో చాలావాటిని వేసేదీ, ఆపేదీ కంప్యూటరే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఇలాంటి చిన్న యంత్రాల్లో ఎక్కువగా వాడే ఆర్డుయినో ఉనో అనే బోర్డును తీసుకోండి. దాని ఒక్కొక్క కాలు 5 వోల్టుల దగ్గర దాదాపు 20 మిల్లీ ఆంపియర్ల కరెంటును ఇబ్బంది లేకుండా ఇవ్వగలదు. ఈ రెంటినీ గుణించండి. వచ్చేది 0.1 వాటు. మరి పొట్టు పీల్చే ఒక హార్స్‌పవరు మోటారుకు కావలసింది కనీసం 746 వాట్లు. అంటే ఏడు వేల రెట్లకు పైమాటే! ఇంత బలహీనమైన సంకేతం అంత బలమైన మోటారును ఎలా నడుపుతుంది? అంతకంటె ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి. ఆ సంకేతం దారి తప్పితే, యంత్రం దగ్గర నిలబడిన మనిషి గతి ఏమిటి?

జి మాటలు, ఎం మాటలు

ముందుగా కంప్యూటరు ఏ భాషలో ఆజ్ఞ ఇస్తుందో చూద్దాం.

అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టరు రెక్కల తయారీకి అంకెల సాయంతో కోత పని చేయించాలని తలపెట్టాడు. ఆ ఆలోచనను అందుకుని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1952లో మొదటి అంకెల యంత్రాన్ని ప్రదర్శించింది. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ దానికి ఆజ్ఞలను అందించేది. లోపల వందల కొద్దీ వాల్వులూ, రిలేలూ ఉండేవి. ఆ పట్టీ పోయి కంప్యూటరు వచ్చింది గాని, ఆజ్ఞలు రాసే పద్ధతి చాలావరకు పాతదే.

ఆజ్ఞలు ముఖ్యంగా రెండు రకాలు. 'జి'తో మొదలయ్యేవి కత్తి ఎటు, ఎలా కదలాలో చెబుతాయి. 'ఎం'తో మొదలయ్యేవి మిగిలిన పనులు చూస్తాయి. ఎం 3 అంటే కత్తి మోటారును సవ్యదిశలో తిప్పమని. ఎం 4 అంటే అపసవ్యదిశలో. ఎం 5 అంటే ఆపమని. ఎం 7, ఎం 8 ఇనుము కోసేటప్పుడు చల్లబరిచే ద్రవం కోసం ఏర్పడినవి. ఎం 7 తుంపరగా చల్లుతుంది, ఎం 8 ధారగా పోస్తుంది. ఎం 9 ఆ రెంటినీ ఆపుతుంది. ఎం 30 వస్తే ప్రోగ్రాము అయిపోయినట్లు.

చెక్క మీద ద్రవం పోయరు గదా! అందువల్ల రౌటరులో ఎం 7, ఎం 8 ఖాళీగా ఉంటాయి. వాటిని వేరే పనికి వాడుకోవచ్చు. ఏ ఎం మాట వస్తే ఏ కాలి మీద కరెంటు రావాలో, ఆ కాలికి ఏ రిలే కట్టి ఉందో సాఫ్ట్‌వేరులోని పట్టికలో ఒకసారి రాసిపెడితే చాలు. మాక్ 3, లినక్స్ సి.ఎన్.సి. వంటి సాఫ్ట్‌వేర్లలో ఈ వీలుంది. మనం ఎం 7కు పొట్టు పీల్చే మోటారును, ఎం 8కి నీళ్ల పంపును అప్పగించామనుకోండి. అప్పుడు ప్రోగ్రాములో ముఖ్యమైన వరసలు ఇలా ఉంటాయి:

ఎం 8 – నీళ్ల పంపు నడు.
ఎం 7 – పొట్టు పీల్చడం మొదలు.
ఎస్ 12000 ఎం 3 – నిమిషానికి 12,000 చుట్ల చొప్పున కత్తి తిరుగు.
జి 4 పి 5 – అయిదు సెకన్లు ఆగు.
జి 1 జడ్ -3 ఎఫ్ 300 – పలకలోకి 3 మిల్లీమీటర్లు దిగు.
జి 1 ఎక్స్ 200 ఎఫ్ 1500 – 200 మిల్లీమీటర్ల గుర్తు వరకు కోసుకుంటూ పో.
జి 0 జడ్ 10 – పైకి లే.
ఎం 5 – కత్తి ఆగు.
జి 4 పి 10 – పది సెకన్లు ఆగు.
ఎం 9 – పంపు, పీల్చే మోటారు రెండూ ఆగు.
ఎం 30 – పని అయింది.

ఈ క్రమం గమనించండి. నీళ్లు ముందు, కత్తి తరువాత. ఆగేటప్పుడు కత్తి ముందు, నీళ్లు తరువాత. ఎఫ్ 1500 అంటే నిమిషానికి 1500 మిల్లీమీటర్ల వేగం. కత్తి సున్నా గుర్తు దగ్గర బయలుదేరితే ఆ కోతకు ఎంతసేపు పడుతుందో మీరే లెక్క కట్టండి. 8 సెకన్లు రావాలి.

గుర్రాల నుంచి వచ్చిన పేరు

ఇక రిలే సంగతి. స్కూలు ఆటల పోటీల్లో రిలే పరుగు చూసే ఉంటారు. ఒకడు అలసిపోయే చోట ఇంకొకడు కర్ర అందుకుని కొత్త బలంతో పరుగెత్తుతాడు. వెనుకటి రోజుల్లో ఐరోపాలో దూరప్రయాణాలకు మజిలీ మజిలీకీ అలసిన గుర్రాలను విప్పి, కొత్త గుర్రాలను కట్టేవారు. ఆ మార్పిడి గుర్రాలకే రిలే అని పేరు.

1835 ప్రాంతంలో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ ఒక విద్యుదయస్కాంతం చేత ఇంకొక వలయాన్ని కలిపి, విడదీసి చూపాడు. తరువాత టెలిగ్రాఫుకు అదే ఆధారమైంది. మైళ్ల కొద్దీ తీగలో ప్రయాణించిన కరెంటు నీరసించిపోతుంది. అయితే ఒక చిన్న విద్యుదయస్కాంతాన్ని పనిచేయించే పాటి బలం దానికి మిగిలే ఉంటుంది. ఆ అయస్కాంతం అక్కడి కొత్త బ్యాటరీ వలయాన్ని కలుపుతుంది. సందేశం కొత్త బలంతో ముందుకు సాగుతుంది. గుర్రం మారిందన్నమాట!

నేటి రిలేలోనూ ఉన్నది ఇంతే. మెత్తని ఇనుప కడ్డీ చుట్టూ రాగి తీగచుట్ట. దాని ఎదుట స్ప్రింగు బిగించిన ఇనుప రేకు. చుట్టలో కరెంటు పారితే ఇనుము అయస్కాంతమై రేకును లాగుతుంది. రేకు కదిలి రెండు కాంటాక్టులను కలుపుతుంది. 'టిక్' మని వినిపించేది ఆ చప్పుడే. కరెంటు ఆగితే స్ప్రింగు రేకును వెనక్కు లాగేస్తుంది.

కాంటాక్టులు రెండు రకాలు. చుట్టలో కరెంటు లేనప్పుడు విడిగా ఉండేది ఎన్.ఓ., కలిసి ఉండేది ఎన్.సి. ఈ తేడాను గుర్తుంచుకోండి. ముందు ముందు ఇదే ప్రాణం కాపాడుతుంది.

మెట్టు మెట్టుగా బలం

5 వోల్టుల చిన్న రిలేలో తీగచుట్ట నిరోధం సుమారు 70 ఓములు. ఓమ్ నియమం ప్రకారం దానిలో పారే కరెంటు 5/70, అంటే 0.071 ఆంపియరు, లేదా 71 మిల్లీ ఆంపియర్లు. మన బోర్డు కాలు ఇవ్వగలిగింది 20. నేరుగా కడితే రిలే సరిగా పనిచేయకపోవచ్చు, బోర్డు కాలిపోనూవచ్చు.

అందుకని నడుమ ఒక ట్రాన్సిస్టరును పెడతారు. ట్రాన్సిస్టరు బేసులోకి కొద్దిపాటి కరెంటు పంపితే, కలెక్టరులో అంతకు ఎన్నో రెట్ల కరెంటు పారుతుంది. బేసుకు 1000 ఓముల నిరోధకాన్ని కట్టామనుకోండి. బేసు దగ్గర దాదాపు 0.7 వోల్టు పోగా మిగిలింది 4.3 వోల్టులు. కనుక బేసు కరెంటు 4.3 మిల్లీ ఆంపియర్లు. ఇది బోర్డుకు భారం కాదు, రిలేను లాగించడానికి చాలు.

ఇంతటితో అయిపోలేదు. చుట్టలో కరెంటును హఠాత్తుగా ఆపితే ఏమవుతుంది? విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం గుర్తు చేసుకోండి. అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతూ అదే చుట్టలో వోల్టేజిని పుట్టిస్తుంది. 5 వోల్టుల చుట్టలోనే ఇది వందల వోల్టులకు ఎగరవచ్చు. ట్రాన్సిస్టరు చిటికెలో మాడిపోతుంది. దీనికి విరుగుడు రిలే చుట్టకు అడ్డంగా, ఎదురు దిశలో కట్టిన ఒక చిన్న డయోడు. ఆగిన కరెంటు దాని గుండా చుట్టలోనే తిరిగి తిరిగి చల్లారిపోతుంది. కొద్ది రూపాయల డయోడు మొత్తం బోర్డును కాపాడుతుంది.

చిన్న రిలే మీద '10 ఆంపియర్లు' అని రాసి ఉంటుంది. అది చూసి మోటారును నేరుగా దానికి కట్టకూడదు. మోటారు బయలుదేరే క్షణంలో మామూలుకు ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. కాంటాక్టుల మధ్య నిప్పు రవ్వలు లేచి, లోహం కరిగి, అవి అతుక్కుపోవచ్చు. అందువల్ల చిన్న రిలే చేత కాంటాక్టరు అనే పెద్దన్నను లాగిస్తారు. కాంటాక్టరు మోటారును కలుపుతుంది. కాలు, ట్రాన్సిస్టరు, రిలే, కాంటాక్టరు, మోటారు – ఇలా మెట్టు మెట్టుగా బలం పెరుగుతుంది. బలం కంప్యూటరుది కాదు, కరెంటు లైనుది. కంప్యూటరు చేసేది తలుపు గడియ తీయడమే.

ఈ దారిలో మరొక కాపలావాడు ఉంటాడు. వాడి పేరు ఆప్టోకప్లరు. ఒక నల్లని చిన్న పెట్టెలో ఇటువైపు ఎల్.ఇ.డి. దీపం, అటువైపు వెలుగు పడితే పనిచేసే ట్రాన్సిస్టరు. నడుమ తీగ లేదు. వెలుగే దూత. మోటారు వైపు నుంచి ఎంత అలజడి వచ్చినా కంప్యూటరు వైపుకు దాటలేదు. అయితే రెండు వైపులకూ వేరు వేరు కరెంటు సరఫరా ఉన్నప్పుడే ఈ కాపలా నిలుస్తుంది. రెంటినీ ఒకే సరఫరాకు కలిపేస్తే, గోడ కట్టి పక్కనే దారి విడిచినట్లవుతుంది.

చెప్పడం వేరు, జరగడం వేరు

కంప్యూటరు ఎం 8 అని చెప్పింది. రిలే టిక్ మంది. నీళ్లు పారుతున్నాయా? కంప్యూటరుకు తెలియదు! పంపు వైరు ఊడిపోయి ఉండవచ్చు, గొట్టం మడత పడి ఉండవచ్చు. తెర మీద మాత్రం 'పంపు నడుస్తోంది' అనే ఉంటుంది. నిజానికి దాని అర్థం 'నడవమని చెప్పాను' అని మాత్రమే.

కాబట్టి కబురు వెనక్కు కూడా రావాలి. గొట్టంలో నీళ్లు పారితేనే కలిసే స్విచ్చి ఒకటి పెట్టి, దాని తీగను బోర్డులోని ఇన్‌పుట్‌కు కట్టాలి. లినక్స్ సి.ఎన్.సి.లో ఎం 66 అనే ఆజ్ఞ ఉంది. ఎం 66 పి 0 ఎల్ 3 క్యూ 5 అని రాస్తే, 0వ ఇన్‌పుట్ మీద సంకేతం వచ్చే వరకు, అయిదు సెకన్లకు మించకుండా, ప్రోగ్రాము కాచుకుని ఉంటుంది. గడువు దాటినా కబురు రాకపోతే ఏం చేయాలో కూడా మనమే రాయాలి. రాయకపోతే ప్రోగ్రాము ముందుకు సాగిపోతుంది, నీళ్లు లేని మోటారు కాలిపోతుంది.

ఏది చెడినా ఆగాలి

ఇప్పుడు మన రెండవ ప్రశ్నకు వద్దాం. పొలం దగ్గర బావి మోటారు స్టార్టరును చూశారా? పచ్చ మీట నొక్కి వేలు తీసేసినా మోటారు నడుస్తూనే ఉంటుంది. ఎలాగంటే, కాంటాక్టరు కలవగానే దాని పక్క కాంటాక్టు ఒకటి కలిసి, దాని చుట్టకు తానే కరెంటు అందిస్తుంది. తన్ను తాను పట్టుకుని ఉంటుందన్నమాట. కరెంటు పోతే ఆ పట్టు వదులుతుంది. కరెంటు తిరిగి వచ్చినా, మళ్లీ ఎవరైనా పచ్చ మీట నొక్కితే తప్ప మోటారు నడవదు.

వేళకాని వేళ కరెంటు వస్తుందని రైతులు దీనికి ఆటో స్టార్టరు తగిలిస్తారు. అప్పుడు కరెంటు రాగానే మోటారు తనంత తానే నడుస్తుంది. అదే ఏర్పాటును కోత యంత్రానికి పెడితే? కరెంటు పోయింది గదా అని పనివాడు కత్తి మార్చడానికి చేయి పెడతాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వస్తుంది. ఆ తరువాతి సంగతి ఊహించడానికే భయం వేస్తుంది. బావి మోటారుకు సౌకర్యమైనది కోత యంత్రానికి ప్రాణాంతకం. అందుకే కోత యంత్రంలో తన్ను తాను పట్టుకునే మామూలు వలయమే ఉండాలి. మనిషి చేయి పడితేనే అది మళ్లీ లేవాలి.

ఇక పసుపు పచ్చని అడుగు మీద పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఎర్ర మీట. ఆపద వేళ అరచేత్తో కొడితే యంత్రం ఆగాలి. దీనికి ఎన్.సి. కాంటాక్టునే వాడతారు. ఎందుకు? ఎన్.ఓ. వాడితే, మీట నొక్కినప్పుడు వలయం కలవాలి. ఎలుక కొరికి తీగ తెగి ఉంటే ఎంత కొట్టినా వలయం కలవదు, యంత్రం ఆగదు. పైగా తీగ తెగిన సంగతి ఆపద వచ్చే దాకా ఎవరికీ తెలియదు. ఎన్.సి. అయితే మామూలుగా కరెంటు పారుతూ ఉంటుంది. మీట నొక్కినా ఆగుతుంది, తీగ తెగినా ఆగుతుంది. రైలు బ్రేకుల సూత్రమూ ఇదే. బ్రేకు గొట్టం తెగితే రైలు ఆగుతుందే గాని, అదుపు తప్పి పోదు.

ఇంకొక నియమం. ఎర్ర మీట కాంటాక్టరు చుట్టకు వెళ్లే కరెంటును నేరుగా తెంచాలి. కంప్యూటరు దయ మీద ఆధారపడకూడదు. 'మీట నొక్కారు' అని కంప్యూటరుకు కబురు అందితే మంచిదే. కాని ఆపే పని తీగలది. సాఫ్ట్‌వేరు బిగుసుకుపోయిన క్షణంలోనే ఆ మీట అవసరం పడవచ్చు గదా!

సాఫ్ట్‌వేరు బిగుసుకుపోయిందని రిలేలకు తెలియజేసే చక్కని ఉపాయం ఒకటి ఉంది. దాని పేరు చార్జి పంపు. మాక్ 3 సాఫ్ట్‌వేరు బాగా ఉన్నంతసేపు ఒక కాలి మీద సెకనుకు 12,500 సార్లు సంకేతాన్ని ఎత్తి దించుతూ ఉంటుంది. ఆ స్పందనలు ఒక కండెన్సరును చేదతో తోడిపోసినట్లు నింపుతాయి. కండెన్సరు నిండి ఉంటేనే ప్రధాన రిలే పట్టు నిలుస్తుంది. సాఫ్ట్‌వేరు ఆగిపోతే సంకేతం పైనో కిందనో నిలిచిపోతుంది. ఎక్కడ నిలిచినా తోడిపోయడం ఆగినట్లే. కండెన్సరు ఖాళీ అవుతుంది, రిలే పడిపోతుంది. డాక్టరు నాడి చూసినట్లు, రిలే కంప్యూటరు నాడి చూస్తుందన్నమాట. కంప్యూటరు అప్పుడే లేస్తున్నప్పుడు కాళ్ల మీద పిచ్చి సంకేతాలు వచ్చినా, ఈ నాడి లేదు గనుక ఏ మోటారూ కదలదు.

ఆపడమే క్షేమం కాని చోటు

అన్నిటినీ ఒక్కసారిగా ఆపేస్తే సరిపోతుందా? తొందరపడకండి. ఎర్ర మీట కొట్టినా కత్తి ఆ వేగం మీద కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. పలకను పట్టి ఉంచిన వాక్యూమ్ పంపు కూడా అదే క్షణంలో ఆగి, పట్టు సడలితే, తిరిగే కత్తి పలకను విసిరికొట్టవచ్చు. కనుక కత్తి పూర్తిగా ఆగే దాకా పలక మీద పట్టు నిలవాలి. అలాగే కత్తిని మోసే బరువైన భాగం కరెంటు పోగానే కిందికి జారకూడదు. దానికి స్ప్రింగు పట్టి ఉంచే బ్రేకు పెడతారు. కరెంటు బ్రేకును వేయదు, విడిపిస్తుంది. కరెంటు పోతే స్ప్రింగు గట్టిగా పట్టేస్తుంది.

కాబట్టి ప్రతి రిలే దగ్గరా 'ఇది పడిపోతే ఏమవుతుంది?' అని అడగాలి. వచ్చే జవాబు ఎల్లప్పుడూ మనిషికి క్షేమకరంగా ఉండాలి. రిలేలను నడపడం ఒక పూటలో నేర్చుకోవచ్చు. ఈ ప్రశ్న వేయడం అలవాటైన వాడే మంచి ఇంజనీరు.

మీరే రిలే చేయండి

ఒక అంగుళంన్నర ఇనుప మేకు మీద ఎనామిల్ పూత ఉన్న రాగి తీగను దగ్గర దగ్గరగా నూరు చుట్లు చుట్టండి. తీగ కొనలను గీకి, రెండు టార్చి సెల్లులకు ఒక మీట ద్వారా కలపండి. మేకు తలకు ఎదురుగా, రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో, పాలడబ్బా నుంచి కత్తిరించిన సన్నని రేకును ఒక కొన కదిలేలా చెక్కకు బిగించండి. ఆ రేకు మేకు వైపు వంగినప్పుడు ఒక రాగి తీగ కొనను తాకేలా అమర్చండి. రేకునూ, ఆ తీగనూ వేరే రెండు సెల్లులు, ఒక టార్చి బల్బు ఉన్న వలయంలో కలపండి. మీట నొక్కితే రేకు కదిలి బల్బు వెలుగుతుంది. రెండు వలయాల మధ్య తీగ సంబంధం లేదు, అయినా ఒకటి రెండవదానిని శాసిస్తోంది! చుట్ట వేడెక్కుతుంది కనుక మీటను ఎక్కువసేపు నొక్కి ఉంచకండి. రేకు అంచులు చేతికి తగలకుండా చూసుకోండి. ప్రయోగమంతా సెల్లులతోనే. ఇంటి కరెంటు జోలికి వెళ్లవద్దు.

ఈ విద్య మీద ఆసక్తి ఉన్నవారికి దారులున్నాయి. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పదవ తరగతి తరువాత చేరదగిన డిప్లొమా చదువు ఉంది. ఐ.టి.ఐ.లలో మెషినిస్టు శిక్షణ ఉంది.

ఆలోచించండి

1. మీ చేతి రిలేతో, మీట నొక్కితే బల్బు ఆరిపోయేలా అమర్చాలంటే రాగి తీగ కొనను ఎక్కడ పెట్టాలి?

2. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే, ఎం 5 వచ్చినా మోటారు ఆగదు. ఒకే ఆజ్ఞకు లోబడే రెండు కాంటాక్టర్లను మోటారు దారిలో శ్రేణిలో పెడితే లాభమేమిటి?

3. చార్జి పంపులో సంకేతం 'పైన ఉంటే బాగున్నట్లు' అని సరిపెట్టుకోకుండా, ఎత్తి దించుతూనే ఉండాలని ఎందుకు పెట్టారు?